స్వాన్ నది పీల్: ముప్ఫయి మూడో అధ్యాయంతో నా తగవు

ఈ స్మారకోపన్యాస సభలో మాస్టారి పాండిత్యం గురించి నాకు ముందు మాట్లాడినవారు చెప్పారు. నాకు మాత్రం మాస్టారు అనగానే, ఆయన దగ్గర అరువు తెచ్చుకున్న పుస్తకాల అంచుల్లోని పెన్సిలు ప్రశ్నార్థకాలే గుర్తొస్తాయి. మార్క్స్ ‘పెట్టుబడి’ మొదటి సంపుటం 33వ అధ్యాయంలో, థామస్ పీల్ పేరు పక్కన అలాంటిదొకటి ఉంది. నా తగవు అక్కడే.

పీల్ ఎవరో ఈ సభకు తెలుసు. జౌళితో గడించి భూములు కూడబెట్టిన లాంకషైర్ వంశం. అప్పటి బ్రిటిష్ హోం మంత్రి రాబర్ట్ పీల్‌కు దూరపు సోదరుడు. 1829లో పశ్చిమ ఆస్ట్రేలియాలోని స్వాన్ నది వలసలో రెండున్నర లక్షల ఎకరాలకు ఒప్పందం చేసుకున్నాడు. యాభై వేల పౌన్లూ మూడు వేలమంది పనివాళ్లూ వెంట ఉన్నా, దిగగానే అందరూ వదిలిపోయి, మంచినీళ్లు తెచ్చిచ్చే మనిషి కూడా మిగల్లేదని మార్క్స్ రాశాడు. మన ఉపన్యాసాల్లో ఇది వేదవాక్యమైంది.

ఈ కథకు మూలం, వలసల సిద్ధాంతకర్త వేక్‌ఫీల్డ్ 1833లో తెచ్చిన పుస్తకం. వేక్‌ఫీల్డ్ రాసింది మూడు వందలమంది అని. మార్క్స్ దగ్గరికి వచ్చేసరికి సున్నా ఒకటి పెరిగింది. అంకె పొరపాటును వదిలేద్దాం. కారణమే తప్పు. వలస దేశాల్లో భూమి ధర పెంచితే తప్ప కూలీలు దొరకరన్నది వేక్‌ఫీల్డ్ పథకం. పీల్ పతనం దానికి అక్కరకొచ్చిన సాక్ష్యం. జరిగింది వేరు. నవంబరు 1 లోపు దిగాలన్న షరతు తప్పి, పీల్ ఓడ ‘గిల్మోర్’ డిసెంబరు నడిమిలో చేరింది. కోరుకున్న మంచి భూమి చేజారింది. దక్షిణాన క్లారెన్స్ ఇసుకనేలలో మకాం పెట్టిన జనంలో చాలామంది జబ్బులతో పోయారు. సొమ్ము పెట్టిన అసలు భాగస్వామి, సిడ్నీ వర్తకుడు సాలమన్ లెవీ పేరును పీల్ దాచాడు. ఆ డబ్బూ అడుగంటాక కూలి ఇవ్వలేకపోయాడు. ఒప్పందం ముందు తప్పింది యజమాని. పనివాళ్లను పారిపోయినవాళ్లని ఎలా అంటాం?

ఇంకొకటి ఉంది. వేక్‌ఫీల్డ్ తేరగా దొరుకుతుందని బాధపడిన ఆ భూమి అక్కడి మూలవాసులైన బిన్జరబ్ నూంగార్లది. 1834 అక్టోబరు 28న గవర్నర్ స్టర్లింగ్ దళం పింజరా వద్ద వాళ్ల మీద కాల్పులు జరిపింది. ఆ దళంలో పీల్ ఉన్నాడు. చనిపోయినవారు పదిహేను, ఇరవై మధ్య అని ఆనాటి అధికారుల లెక్క. ఎంతో ఎక్కువని బిన్జరబ్ వారసులు చెబుతారు. నేను వారి మాటకే మొగ్గుతాను: కాల్చినవారే లెక్కపెట్టినప్పుడు ఆ లెక్క ఎంత నిలుస్తుంది?

మూలవాసుల నిర్మూలన గురించి మార్క్స్ 31వ అధ్యాయంలో చెప్పాడు కదా అని మిత్రులు అడ్డు చెబుతారు. చెప్పాడు, గట్టిగానే చెప్పాడు. రెండు అధ్యాయాల తరవాత పీల్ వచ్చినప్పుడు మాత్రం ఆ మూలవాసులు పేజీలో లేరు. తెలుగు వ్యాఖ్యాతలు ఆ ఖాళీని అలాగే దాటించారు.

ఇప్పుడు నేను రాస్తున్న 33వ అధ్యాయ వ్యాఖ్యానం అందుకే పింజరాతో మొదలై, అక్కణ్నుంచి క్లారెన్స్‌కూ, చివరికి వేక్‌ఫీల్డ్‌కూ వెనక్కి నడుస్తుంది. పీల్ ప్రస్తావన ఉన్న పాత తెలుగు కరపత్రాలు, స్టడీ సర్కిల్ నోట్సులు మీ ఇళ్లలో ఉంటే దయచేసి నకళ్లు పంపండి. మూడు వేల అంకె మన భాషలోకి ఏ చేతులు మారి వచ్చిందో వాటితోనే తేల్చాలి.