మన బొగ్గు, మన బతుకు
(నల్లగండ్లలో జరిగిన పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగం)

మిత్రులారా, ఈ నల్లగండ్లలో మన ఇళ్లలో వెలిగే కరెంటులో కొంత మన సింగరేణి బొగ్గుదే. ఇక్కడ పుట్టిన మన పిల్లలకు ఆ సంగతి తెలియదు.

1889లో ఇల్లందు దగ్గర తవ్వకం మొదలైంది. 1920లో కంపెనీ ఏర్పడింది. ఇప్పుడు రాష్ట్రానికి 51, కేంద్రానికి 49 శాతం వాటా. లాభాల్లో కార్మికులకూ వాటా ఉంది. దసరా ముందు చేతికొచ్చే ఆ డబ్బుతో ఎన్ని ఇంజనీరింగ్ ఫీజులు కట్టారో మన తల్లులనడగండి.

1990ల మొదట్లో కార్మికులు లక్షకు పైనే. ఇప్పుడు సుమారు నలభై వేలు. బొగ్గు తగ్గిందా? లేదు, 2023-24లో 7 కోట్ల టన్నులు! తట్టా చెమ్మస్ పోయి ఓపెన్‌కాస్టుల్లో డంపర్లొచ్చాయి. కాంట్రాక్టు కూలీలు ఈ లెక్కలో లేరు, అది వేరే కథ. బాయిలు మూతపడ్డాక బెల్లంపల్లి బజారు ఎట్లా పలచబడిందో చూశాం కదా. మనం చదువుకుని ఇటొచ్చాం; అందరూ రాలేదు.

2015 గనుల చట్ట సవరణతో జిల్లాకో ఖనిజ ట్రస్టు వచ్చింది. గనుల ప్రభావిత ఊళ్ల చదువుకు, తాగునీటికి, వైద్యానికి ఆ నిధులు వాడొచ్చు. మన బడి ల్యాబు కోసం అర్జీ రాశాను. వెనక బల్ల మీదుంది. భోజనాలకు లేచేముందు సంతకాలు పెట్టండి.