మంచువాగులోని పురుగు, దాని పేరు

చల్లని కొండవాగులో దిగి, అడుగున ఉన్న ఒక గుండ్రాతిని పైకెత్తి త్రిప్పి చూచినచో, దానిని గట్టిగా పట్టుకొని ఉన్న చదునైన పురుగొకటి వెలుతురునకు బెదరి రాతి అవతలి ప్రక్కకు జారిపోవును. దానికి ఆరు కాళ్లు, తలయందు పొడవైన రెండు మీసములు, వెనుక రెండు సన్నని తోకలు. ఇంగ్లీషున దీనిని స్టోన్‌ఫ్లై అందురు. ఈ ప్రసంగములో మేము దానిని రాతియీగ అని పిలుచుచున్నాము. నిజమునకు ఇది ఈగ కాదు. ఈగకు రెండు రెక్కలే. పెరిగిన రాతియీగలలో చాలవాటికి నాలుగు. వాటిని పొట్టపై చదునుగా మడిచి ఉంచుకొనును.

దాని జీవితములో ఎక్కువ భాగము నీటిలోనే గడచును. కొన్ని జాతుల పిల్లలు ఒక ఏడాది, కొన్ని రెండు మూడేండ్లు రాళ్ల సందులలో పెరుగును. పిమ్మట గట్టునకు ప్రాకి, కుబుసము విడిచి, పెద్ద పురుగై వెలుపలికి వచ్చును. అటుపై ఆయుష్షు కొన్ని దినములో, కొన్ని వారములో మాత్రమే. పిల్లపురుగునకు చల్లగా, శుభ్రముగా, పరుగెత్తుచుండు నీరు కావలెను. అట్టి నీటిలోనే ప్రాణవాయువు సమృద్ధిగా ఉండును. అందుచేత వాగునీటి మంచిచెడ్డలను పరీక్షించువారు ముందుగా వెదకు ప్రాణులలో ఇది ఒకటి.

రేడియోలో ఈ పురుగును గూర్చి మాట్లాడుటలో ఒక చిక్కు కలదు. పలు జాతులలో మగపురుగు తన పొట్టకొనతో తాను నిలిచిన కొమ్మపైననో రాతిపైననో తాళము వేయును. ఆడుది ఆ తాళమును గుర్తించినచో తానును బదులు వేయును. ఒక్కొక్క జాతికి ఒక్కొక్క తాళము. శ్రోతలకు దానిని వినిపింపవలెనని మాకును కోరికయే. కాని ఆ చప్పుడు గాలిలో కంటె కొమ్మలో ఎక్కువగా ప్రయాణించును. వినవలసినవారికి అది కాళ్ల ద్వారా వినబడును!

ఇంతవరకు లోకమున 3,500కు మించిన రాతియీగ జాతులకు పేర్లు పెట్టబడినవి. మన దేశమున దొరికిన వాటిలో ఎక్కువ భాగము హిమాలయములవి. ఏటేట కొత్తవి చేరుచునే ఉన్నవి.

కొత్తజాతి పురుగు దొరికినదని పత్రికలలో చదివినప్పుడు, ఎన్నడును చూడని ప్రాణిని ఎవరో అకస్మాత్తుగా చూచి కేకవేసినట్లు మనకు తోచును. అట్లు జరుగుట అరుదు. చాలమారులు ఆ పురుగు ఎన్నో ఏండ్లుగా ఏదో మ్యూజియములో, ఆల్కహాలు నింపిన చిన్న సీసాలో, మరొక జాతి పేరు వ్రాసిన చీటీతో పడి ఉండును. రంగును, పరిమాణమును బట్టి రాతియీగల జాతిని తేల్చుట కష్టము. ఒకే వాగులోని నాలుగు జాతులు నాలుగును నల్లగానే ఉండవచ్చును. కావున నిపుణుడు మగపురుగును సూక్ష్మదర్శిని క్రింద పెట్టి, పొట్ట కొనయందలి సంయోగాంగములను పరీక్షించును. అచ్చటి కొక్కెములు, ముళ్లు, పొరలు జాతిజాతికి వేరు. వాటి బొమ్మలు గీయును. ఆడుదానిని, వీలైనచో గ్రుడ్లను గూడ వర్ణించును. పిమ్మట ఒక్క పురుగును ఎన్నుకొని, ఈ పేరునకు ఇదియే సాక్షి అని ప్రకటించి మ్యూజియమున భద్రపరచును. దానిని హోలోటైపు అందురు. భూమి తగవులో మూలదస్తావేజు ఎట్టిదో జాతినిర్ణయములో ఇది అట్టిది. ఏ వాగున, ఎంత ఎత్తున, ఏ దినమున, ఎవరు పట్టిరో తెలుపు చీటీ దానితోనే ఉండును. ఆ చీటీ పోయినచో పురుగు విలువ సగము పోయినట్లే.

ఇక పేరు రెండు మాటలది. 1758లో లిన్నేయసు ప్రచురించిన గ్రంథము మొదలుకొని జంతువుల పేర్లకు ఈ పద్ధతియే ప్రమాణము. ముందు ప్రజాతి, వెనుక జాతి. తెలుగువారికి ఇది వింత కాదు: ఇంటిపేరు ముందు, పిలుపుపేరు వెనుక.

ఇట్టి పేర్లవలన ఏమి ఒనగూడును అని అడుగువారు కలరు. వారికొరకు ఒక రాతియీగ కథ చెప్పెదము. అమెరికాలోని మోంటానా రాష్ట్రమున, కెనడా సరిహద్దును ఆనుకొని, గ్లేషియర్ నేషనల్ పార్కు కలదు. గ్లేషియరనగా హిమానీనదము. అక్కడ హిమానీనదములును, వేసవిలో సైతము మిగిలియుండు మంచుమేటలును కరగి వచ్చు వాగులలో, మంచు అంచునకు కొన్ని వందల మీటర్ల దూరములోపలనే, బియ్యపుగింజంత రాతియీగ ఒకటి బ్రతుకుచున్నది. 1952లో విలియం రికర్ దానిని వర్ణించి టుమానా అని పేరు పెట్టెను. రికర్ కెనడా దేశస్థుడు. చేపల సంతతి లెక్కలలో ప్రపంచప్రసిద్ధి గన్నవాడు. ఆయనకు రష్యను భాష వచ్చును. ఆ ఏడు రాతియీగలకు ఆయన కల్పించిన పేర్లలో ఆ భాష వినబడును: మాలెంకా అనగా చిన్నది, జపాడా అనునది పడమరను తెలుపు మాటనుండి, లెడ్నియా అనునది మంచుగడ్డను తెలుపు మాటనుండి వచ్చినవి. గంభీరమైన లాటిను పేర్ల నడుమ ఈ చిలిపితనము మాకు నచ్చినది.

రికర్ టుమానాను మొదట నెమూరా అను పెద్ద ఇంటిలో చేర్చి, అందులో లెడ్నియాను ఒక గదివలె ఉంచెను. తరువాతివారు లెడ్నియాను వేరింటిపేరుగా చేసిరి. అత్తవారింటికి వెళ్లిన పిల్లకువలె దానికి ఇంటిపేరు మారినది, పిలుపుపేరు నిలిచినది. ఇట్లు ఇల్లు మారిన జాతులకు, మొదట వర్ణించినవారి పేరును కుండలీకరణములలో వ్రాయుట నియమము. పుట్టింటివారిని మరువరాదు గదా!

చాలకాలము లెడ్నియా ఇంట టుమానా ఒక్కటే అని తలచిరి. కాలిఫోర్నియాలోని సియెర్రా నెవాడా కొండలలోను, వాషింగ్టన్ రాష్ట్రమునందలి కాస్కేడ్ కొండలలోను దొరికిన పురుగులకు సైతము ఆ పేరే వ్రాసిరి. 2010లో రిచర్డ్ బామన్, బోరిస్ కొండ్రాటియెఫ్ అను శాస్త్రజ్ఞులు వాటినన్నిటిని సరిపోల్చి, ఇవి ఒకే జాతి కావని తేల్చిరి. కాలిఫోర్నియా పురుగునకు లెడ్నియా సియెర్రా అనియు, కాస్కేడ్ కొండల పురుగునకు లెడ్నియా బొరియాలిస్ అనియు పేర్లు వచ్చినవి. 2012లో వయోమింగ్ రాష్ట్రమునందలి టీటన్ కొండలనుండి లెడ్నియా టెటోనికా వచ్చి చేరినది.

లోకమునకు మూడు జాతులు పెరిగినవని మనము సంతోషింపవచ్చును. టుమానా పక్షమున నిలిచి చూచినచో కథ వేరు. నిన్నటివరకు దూరదూరపు పర్వతములు మూడింట ఉన్నదనుకొన్న జాతి, ఒక వ్యాసముతో, ఆ పార్కును, సరిహద్దునకు ఇరువైపుల దాని పరిసరములను మించి లేనిదైనది. పురుగులలో ఒక్కటియు చావలేదు. వాగులలో ఏదియు ఎండలేదు. ఐనను అది అరుదైన జాతి అని ఆనాడు తెలిసినది. సియెర్రా, టుమానా ఒకటే అనుకొనుచున్నంతకాలము, మోంటానాలో అది నశించినను, కాలిఫోర్నియాలో ఉన్నదిగదా అని ఊరకుందుము.

చట్టమునకును ఈ తేడా ముఖ్యమే. ఆపదలోనున్న జీవజాతులను రక్షించుటకు అమెరికాలో 1973లో చట్టము చేసిరి. వెన్నెముకగల జంతువులలోనైనచో, ఒక ప్రాంతపు గుంపును మాత్రము వేరుచేసి దానిక్రింద రక్షింపవచ్చును. పురుగులకు ఆ వెసులుబాటు లేదు. జాతియో ఉపజాతియో కావలెను; అనగా, ఎవరైనను వర్ణించి పేరు పెట్టి ఉండవలెను. టుమానాకు రక్షణ కోరుచు 2007లో అర్జీ పెట్టిరి. 2011లో ప్రభుత్వము, అర్హత కలదు గాని ముందు చూడవలసినవి వేరే ఉన్నవని బదులిచ్చెను. 2016లో ప్రతిపాదన వచ్చెను. 2019 నవంబరులో ఆపదకు లోనైన జాతులలో దానిని చేర్చిరి. పన్నెండేండ్లు! ఈ పురుగునకు పన్నెండు తరములు దొర్లుటకు చాలిన కాలమని అనవచ్చునేమో.

అదే ఉత్తరువులో దానికి తోడుగా మరొక రాతియీగ చేరినది: జపాడా గ్లేసియర్. 1971లో బామన్, గాఫిన్ అనువారు దీనిని వర్ణించిరి. 1960 మొదలు 1996 వరకు ఆ పార్కులోని 6 వాగులలో దీనిని పట్టియుండిరి. 2011 నుండి 2013 వరకు అవే వాగులను తిరిగి వెదకగా, ఆరింటిలో ఒక్కదానిలోనే కనబడెను. కొత్తగా ఇంక రెండు చోట్ల దొరికెను. వాగులు వెచ్చబడుచుండగా ఈ పురుగు పైపైకి, చల్లని చోట్లకు జరుగుచున్నదని 2015లో ప్రకటించిరి. ఈ వెదకుటలో ఒక ఇబ్బంది కలిగెను. జపాడాలో పలు జాతుల పిల్లపురుగులు చూపునకు ఒక్కతీరే. అందుచే వాటిని డి.ఎన్.ఏ. పరీక్షతో గుర్తింపవలసివచ్చెను. ఏది ఏమైనను, పాతకాలపువారు సీసాలలో వాగు పేరును, తేదీని వ్రాసి ఉంచనిచో, ఆరింటికి ఒక్కటే మిగిలినదని ఎవరికిని తెలియకపోయెడిది.

ఆ పార్కులోని పేరుగల హిమానీనదములలో 0.1 చదరపు కిలోమీటరునకు మించినవి 1966లో 35. 2015 నాటికి 26. అయితే వేడిమియే ఈ పురుగులను చంపునా? 2020లో ప్రచురితమైన పరిశోధనలో, టుమానాను, దాని బంధువులను ప్రయోగశాలలో క్రమముగా వెచ్చని నీటిలో ఉంచి చూచిరి. అవి తాము నివసించు వాగులకంటె చాల ఎక్కువ వేడిమిని కొంతసేపు ఓర్చుకొన్నవి. కాబట్టి మంచు కరగిపోయిన వెంటనే అన్నియు నశించునని చెప్పుటకు వీలులేదు. వాగు వెచ్చబడిన కొలది, క్రిందినుండి పైకి వచ్చు ఇతర పురుగులు వాటి చోటును ఆక్రమించుట మరొక అపాయము కావచ్చునని ఆ శాస్త్రజ్ఞుల ఊహ. మంచు పూర్తిగా పోయినచో కొన్ని వాగులు వేసవి చివర ఎండిపోవుట ఇంకొకటి. ఇందులో దేని పాలు ఎంత అని తేల్చుటకు శాస్త్రజ్ఞులు వేసవిలో మంచు అంచువరకు ఎక్కి, రాళ్లు త్రిప్పి చూచి, సీసాలలో చీటీలు వేయుచున్నారు.