కోత మిషను కొనే ముందు



సంఘం డబ్బుతో చెట్లు కోసే మిషను కొందామని కొందరు అంటున్నారు. వద్దు, కాళ్ళూ చేతులూ తెగుతాయని కొందరు అంటున్నారు. రెండు మాటలూ నిజమే. ఆ మిషను గురించి నాకు తెలిసింది చెబుతాను. తర్వాత మీరే తేల్చుకోండి.

అసలు ఈ మాట ఎందుకొచ్చింది? 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మన ఉద్దానంలో కొబ్బరి చెట్లు, జీడి చెట్లు వరసగా కూలిపోయాయి. కూలిన మాను తోటలోనే కుళ్ళితే ఏమవుతుంది? కొమ్ము పురుగు అందులో గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగులు ఆ కుళ్ళు తిని పెరుగుతాయి. రెక్కలొచ్చాక బతికున్న చెట్ల మొవ్వు తొలుస్తాయి. అప్పుడే కొత్త మట్ట కత్తెరతో కత్తిరించినట్టు విచ్చుకుంటుంది. మీరంతా చూసిందే. అందుకని పడిన చెట్టును కోసి తీసెయ్యాలి. తుపాను మళ్ళీ రాదని ఎవరు చెప్పగలరు?

ఈ మిషనును పవర్ రంపం అంటారు, చైన్ సా అంటారు. పెట్రోలు ఇంజను ఉంటుంది. ముందుకు పొడుగాటి ఇనప పట్టీ ఉంటుంది. అదే బార్. దాని చుట్టూ పళ్ళ గొలుసు గిర్రున తిరుగుతుంది.

"మిషను పట్టేది మగవాళ్ళు కదా, మాకెందుకు?" అంటారేమో. మిషను సంఘానిది. పాడైతే పోయేది మన పొదుపు. పట్టేవాళ్ళు ఎవరైనా, చూసుకునే బాధ్యత మనదే.

కొట్టువాడు 22 అంగుళాల బార్ చూపిస్తాడు. పెద్దది, బలమైనది అంటాడు. కొబ్బరి మాను అడుగు మందం ఉంటుంది. దానికి 16 లేక 18 అంగుళాల బార్ చాలు. బార్ పొడుగైతే బరువు పెరుగుతుంది. చేతులు అలిసిపోతాయి. అలిసిన చేతిలోనే రంపం జారుతుంది. ఇంకో మాట. పలాసలోనో ఇచ్ఛాపురంలోనో సామాన్లు దొరకని మిషను ఎంత చవకైనా కొనవద్దు.

కొనే రోజున అక్కడే స్టార్టు చేయించండి. ముందు పిడికి అడ్డంగా ఒక రేకు ఉంటుంది. గొలుసు తిరుగుతుండగా ఆ రేకును ముందుకు తోయమనండి. గొలుసు టక్కున ఆగాలి. అది బ్రేకు. ఆగకపోతే ఆ మిషను తీసుకోవద్దు. బార్ కొన పైభాగం చెట్టుకు తగిలితే రంపం ఒక్కసారిగా మొహం మీదికి ఎగురుతుంది. అప్పుడు కాపాడేది ఆ బ్రేకే.

గొలుసు అరిగి కొత్తది కొనాల్సి వస్తే బార్ మొదట్లో ఉన్న అంకెలు చదవండి. మీకిప్పుడు అంకెలు వచ్చు కదా! గొలుసుకు పైన కోసే పళ్ళు ఉంటాయి. కింద బార్ గాడిలో నడిచే పళ్ళు ఉంటాయి. బార్ మీద 72 అని ఉంటే కింది పళ్ళు 72 ఉండాలి. కొట్టులోనే లెక్కపెట్టండి. వాడు విసుక్కుంటే విసుక్కోనీ.

ఇంజనుకు ఉత్త పెట్రోలు పొయ్యకూడదు. టూ స్ట్రోక్ ఆయిలు కలపాలి. లీటరుకు ఎంత అన్నది మిషనుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. 50:1 అని ఉంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు. 25:1 అని ఉంటే 40. కలపకుండా పోస్తే ఇంజను పట్టేస్తుంది. గొలుసు ఆయిలు వేరు, దాని ట్యాంకు వేరు. పని అయ్యాక మిగిలిన పెట్రోలు తీసెయ్యండి. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ ఉంటోంది. అది చెమ్మ పీలుస్తుంది. నెలల తరబడి ట్యాంకులో ఉంటే మిషను మొరాయిస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం పదును. కత్తిపీట మొద్దుబారితే మనం ఏం చేస్తాం? గట్టిగా నొక్కుతాం. అప్పుడే వేలు తెగుతుంది. ఇదీ అంతే. పదును ఉందో లేదో కింద రాలేదాన్ని చూస్తే తెలుస్తుంది. చిన్న చిన్న చెక్క పెళ్ళలు రాలితే పదును ఉన్నట్టు. పిండిలాగా రాలితే వెంటనే ఆపించండి. కొబ్బరి మాను పైన గట్టిగా, పీచుపీచుగా ఉంటుంది. పళ్ళు తొందరగా అరుగుతాయి. పైగా మనవి ఇసక నేలలు. గొలుసు ఇసక తాకిందా, ఇక పని అయిపోయినట్టే. మాను కింద దుంగ పెట్టి ఎత్తుగా ఉంచి కొయ్యమనండి.

పదును పెట్టడానికి గుండ్రటి ఆకురాయి కావాలి. గొలుసు సైజు 0.325 అయితే 4.8 మిల్లీమీటర్ల ఆకురాయి. పంటి లోపలినుంచి బయటికి తొయ్యాలి. వెనక్కి లాగేటప్పుడు రాయకూడదు. ఒక పంటికి మూడుసార్లు తోస్తే అన్నిటికీ మూడుసార్లే. ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ అయితే కోత వంకర పోతుంది. దీనికి బలం అక్కర్లేదు, ఓపిక కావాలి. ఈ పని మన ఆడవాళ్ళే బాగా చేస్తారని నా నమ్మకం. ఇంజను ఆపి, చేతులకు తొడుగులు వేసుకుని చెయ్యండి.

లుంగీతో, చెప్పులతో వచ్చినవాడికి మిషను ఇవ్వవద్దు. కరెంటు తీగ మీద పడిన చెట్టును లైను ఆపకుండా ముట్టనివ్వవద్దు.

ఇక మట్టలు ముక్కలు చేసే చిప్పర్. అది కొనవద్దని నా సలహా. అవసరమైనప్పుడు అద్దెకు తెచ్చుకుందాం. చిన్న చిప్పర్ నోట్లో కొబ్బరి మాను పట్టదు, మట్టలే పడతాయి. దాని దగ్గర చీర కొంగు, గాజులు, జడ చాలా ప్రమాదం. కొంగు బిగించి దోపాలి, జడ ముడెయ్యాలి, గాజులు తీసెయ్యాలి. మట్ట ఇరుక్కుంటే చెయ్యి పెట్టకండి. ఇంజను ఆపి, కత్తులు పూర్తిగా నిలిచేదాకా ఆగండి. వచ్చిన ముక్కల్ని కుప్ప పోస్తే అందులోనూ కొమ్ము పురుగు చేరుతుంది. చెట్ల పాదుల్లో పలచగా పరవండి.

మిషను కొంటే ఒక నోటుపుస్తకం కూడా కొనండి. ఎవరు తీసుకెళ్ళారు, ఏ తేదీన, ఎన్ని గంటలు నడిచింది, పదును ఎప్పుడు పెట్టారు, అద్దె ఎంత వచ్చింది. ఇవన్నీ అందులో రాయండి. తెచ్చిచ్చినప్పుడు ముందు బ్రేకు చూడండి, గొలుసు పళ్ళు చూడండి. ఆ తర్వాతే సంతకం పెట్టండి.