కాపురమునకు ఏ నగరము మేలు?

శ్రీకూర్మనాథస్వామి కోవెల యెదుట శ్వేతపుష్కరిణి మెట్లపై సాయంకాలము కూర్చుండువారు లోకవార్తలను వెదకికొని పోనక్కరలేదు. అవియే నడచి వచ్చును. ఒకరి కుమారుడు హైదరాబాదులో ఇల్లు మారెను. ఒకరి అల్లుడు చెన్నపట్టణమునుండి పండుగకు రాలేదు. ఒకరి మనుమరాలు చదువునకై ఆస్ట్రేలియా ఖండమునందలి మెల్బోర్నునకు పోయినది. ఆ మధ్య ఒక వృద్ధురాలు నన్ను చూచి, "బాబూ, మా గుంటడు ఇశాపట్నం ఎల్తానంటాడు. ఆడి బావ ఐదరాబాదు రమ్మంటాడు. బతకడానికి ఏ ఊరు బాగుంటాదో సెప్పు" అని అడిగినది. కష్టపడువానికి ఏ ఊరైనను మంచిదేనని చెప్పి నేను అప్పటికి తప్పించుకొంటిని. ఇల్లు చేరిన పిదప ఆ ప్రత్యుత్తరము నాకే తృప్తి నీయలేదు. ఆమె అడిగినది నీతివాక్యము కాదు. రెండు ఊళ్లను ప్రక్కప్రక్కన నిలిపి తూచి చెప్పుమనుట. ఆ తూకమునే నేటి ప్రసంగములో ప్రయత్నించెదను.

ఏ నగరము మేలన్న తగవు మన పుష్కరిణి మెట్లమీదనే పుట్టినది కాదు. ఆస్ట్రేలియాలో సిడ్నీకిని మెల్బోర్నునకును ఈ తగవు చిరకాలమునుండి కలదు. 1901లో అచ్చటి వలస రాజ్యములు ఒకే దేశముగా ఏర్పడినప్పుడు, రాజధాని గౌరవమును ఈ రెంటిలో దేనికిచ్చినను రెండవది సమ్మతింపదని తోచినది. అందుచేత రాజధాని సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్సులోనే ఉండవలెననియు, అయినను సిడ్నీకి 100 మైళ్లకు తక్కువ దూరమున ఉండరాదనియు రాజ్యాంగముననే వ్రాసికొనిరి. అట్లు పుట్టినదే కాన్‌బెర్రా. అంతవరకు మెల్బోర్నులో సమావేశమగుచుండిన పార్లమెంటు 1927లో అచ్చటికి తరలినది.

మన కాలమున లండనునందలి ఎకనమిస్టు పత్రికకు చెందిన పరిశోధనశాఖ ప్రపంచ నగరములను నివాసయోగ్యతను బట్టి ఏటేట వరుసపెట్టుచున్నది. 2011 మొదలు 2017 వరకు ఏడేండ్లు మెల్బోర్నుదే ప్రథమస్థానము. 2018లో వియన్నా దానిని దాటినది. శాంతిభద్రతలు, వైద్యము, సంస్కృతియు పరిసరములును, విద్య, రహదారులు మొదలగు వసతులు—ఈ ఐదును వారి కొలతలు. మంచి కొలతలే. కాని ఇంటి అద్దెయు, బియ్యపు వెలయు ఆ లెక్కలో చేరవు. ఉద్యోగులను పరదేశములకు పంపు కంపెనీలు వారికెంత భత్యమీయవలెనో తేల్చుకొనుటకు అట్టి లెక్క ఉపకరించును. తన జేబునుండి అద్దె చెల్లించుకొనువానికి వేరొక లెక్క కావలెను.

మన ప్రాంతమునుండి వలసపోయినవారి అనుభవములనుండి నాకు నాలుగు ప్రశ్నలు దొరకినవి. తల దాచుకొను చోటు ఎట్టిది? త్రాగునీరు ఎచ్చటినుండి వచ్చును? గాయపడినను, పని పోయినను ఆదుకొనువారెవరు? మన భాషయు, మన ఇంటికి తిరిగివచ్చు దారియు ఎంత దూరము? శ్రీకూర్మము కోవెల ఆవరణలో తిరుగాడు తాబేళ్లకు మొదటి ప్రశ్న లేదు. ఇంటిని వీపుపైననే మోసికొని పోవును. మనుష్యునకు అన్నిటికన్న ముందు వచ్చునది ఆ ప్రశ్నయే.

మన కోవెలకు తూర్పున ఒకటి, పడమట ఒకటి, రెండు ధ్వజస్తంభములున్నవి. మన జనుల వలసయు అట్లే రెండు దిక్కులకు సాగినది. తాతలు తూర్పు సముద్రము దాటి రంగూను పోయిరి. కళింగపట్నము, బారువ, భీమునిపట్నము రేవులలో పొగయోడలు దూరముగా నిలుచుచుండెను. జనులు పడవలలో పోయి వాటి నెక్కుచుండిరి. టిక్కెట్టు సొమ్ము మేస్త్రీ బదులిచ్చును; అచ్చట కూలిలో విరుగగోసికొనును. 1931 నాటి జనాభా లెక్కలలో రంగూను జనసంఖ్య దాదాపు 4 లక్షలు; అందు సగమునకు పైగా భారతీయులు. ఓడరేవున బరువులు మోయుటకు, బియ్యపు మిల్లులలో పాటుపడుటకు, రిక్షాలు లాగుటకు మనవారే ముందుండిరి. కూలి మన పల్లెలలోకన్న మిక్కిలి హెచ్చు. కాని వచ్చినవారిలో అత్యధికులు పురుషులు; కుటుంబములు ఇచ్చటనే యుండెను. ఒక గదిలో పలువురు ఇరుకుకొని పడుకొనవలసినదే.

1930 మే మాసమున రేవులోని తెలుగు కూలీలు సమ్మె చేసిరి. వారికి బదులుగా బర్మీయులను పనిలో పెట్టుకొనిరి. సమ్మె తీరిన పిమ్మట వారిని తొలగించి మనవారిని మరల తీసికొనిరి. అంతట చెలరేగిన అల్లరులలో నూరుమందికి పైగా చనిపోయిరి. వారిలో అత్యధికులు మనవారే. 1941 డిసెంబరు 23వ తేదీన జపానువారి బాంబులు రంగూనుపై పడెను. లక్షలకొలది భారతీయులు కొండలు, అడవులు దాటి కాలినడకను స్వదేశమునకు బయలుదేరిరి. దారిలో మరణించినవారు అనేకులు. మిగిలినవారిలో పెక్కుమంది 1962లో సైనిక ప్రభుత్వము వచ్చిన పిదప దుకాణములు, వ్యాపారములు పోగొట్టుకొని వచ్చిరి. మా పెదతాత 1942లో నడచివచ్చినవారిలో ఒకరు. రంగూను ఎట్లుండెనని చిన్నతనమున నేనడుగగా, "సూసొచ్చినోడికి మంచి ఊరే నాయనా, ఉండొచ్చినోడికి కాదు" అనెను. అంతకుమించి ఆ ఊరి మాట ఆయన యెత్తగా నేను వినలేదు.

ఇక ఉత్తరమునకు పోయినవారి సంగతి. 1890 ప్రాంతముల తీరపు రైలుమార్గము వేయబడిన పిదప, ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో బండియెక్కి జనులు బెంగాలు పోవ మొదలిడిరి. కలకత్తా చేరువనున్న టిటాగఢు మొదలగు చోట్ల జనపనార మిల్లులలో కొందరు చేరిరి. ఖరగపురములో బెంగాల్ నాగపూర్ రైల్వే కర్మాగారమున మరికొందరు కుదిరిరి. ఈ ఖరగపురము పెద్ద నగరము కాదు, అందమైనదియు కాదు, వేసవిలో మండిపోవును. అయినను నా నాలుగు ప్రశ్నలకు అది చక్కని ప్రత్యుత్తరములిచ్చినది. రైల్వేలో ఖాయము ఉద్యోగము దొరకినవానికి క్వార్టరు, కుళాయి నీరు, ఆస్పత్రి, పాసు, పింఛను ఒకదాని వెంట ఒకటి సమకూడెను. అందుచేత ఆతడు భార్యను, పిల్లలను తీసికొనిపోగలిగెను. కుటుంబములు కుదురుకొన్నచోట భాషయు నిలిచినది. తరములు గడచినను అచ్చట తెలుగు వినబడుచునే యున్నది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాలు మంత్రివర్గము తెలుగునకు అధికారభాషా గుర్తింపు నీయ నిర్ణయించినది ముఖ్యముగా ఈ పట్టణపు తెలుగువారిని తలచుకొనియే. లోపము లేకపోలేదు. ఉద్యోగము ముగియగనే క్వార్టరు విడువవలెను; తండ్రి పని కుమారునకు వచ్చునను నమ్మకము లేదు. అయినను రంగూనుకును ఖరగపురమునకును గల భేదము ఇచ్చటనే కలదు. ఒకచోట కూలి మాత్రమే దొరకెను. రెండవచోట కూలితోపాటు ఇల్లు దొరకెను.

ఇప్పుడు మన విశాఖపట్నము. 1901లో సుమారు 40 వేల జనము గల ఊరు. 1933లో ఓడరేవు తెరువబడెను. 1948లో ఇచ్చటి నౌకా నిర్మాణశాలనుండి జల ఉష అను ఓడ సముద్రములో దిగెను. 1957లో చమురు శుద్ధి కర్మాగారము, తరువాత ఉక్కు కర్మాగారము వచ్చెను. 2011 నాటికి నగరపాలక పరిధిలో జనసంఖ్య 17 లక్షలు దాటినది. 1923లో నెలకొన్న కింగ్ జార్జి ఆస్పత్రి, 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు మన మూడు జిల్లాలకును ఆధారములు. శ్రీకాకుళమునుండి నూరు కిలోమీటరులకు కొంచెము హెచ్చు. ఉదయము పోయి సాయంకాలమునకు తిరిగి రావచ్చును. తల్లికి జబ్బు చేసినదన్న వార్త అందిన నాడే కుమారుడు మంచము చెంత నుండగలడు. ఈ సౌకర్యమునకు వెల కట్టి జీతముతో కూడి చూచువారు తక్కువ.

అయినను విశాఖకు దాని కష్టములు కలవు. ఒకవైపు సముద్రము, తక్కిన వైపుల కొండలు. ఊరు విస్తరించుటకు తావు తక్కువగుటచేత ఇండ్ల అద్దెలు పెరిగినవి. పరిశ్రమల పొగ కొండల నడుమ చిక్కుకొనును. నీటికై నగరము దూరపు జలాశయములవైపు చేయి చాపవలసినదే. విజయనగరం జిల్లాలో గోస్తనిపై గల తాటిపూడి జలాశయపు నీరు విశాఖ కుళాయిలలో పారుచున్నది. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను ఈ నగరముమీదనే తీరము దాటెను. 2020 మే 7వ తేదీన వేకువజామున ఒక కర్మాగారమునుండి వెలువడిన విషవాయువు ప్రక్కనున్న వెంకటాపురమున నిద్రించువారిని క్రమ్మినది. 12 మంది మరణించిరి. కావున విశాఖలో గది వెదకువారు అద్దెతోపాటు, ఆ గది ఏ కర్మాగారపు గోడ ప్రక్కనున్నదో కూడ విచారింపవలెను.

హైదరాబాదు సంగతి వేరు. సముద్రమునకు దూరము, సముద్రమట్టమునకు 500 మీటర్లకు పైబడిన పీఠభూమి. మన ప్రాంతపు ఉక్క, చెమట అచ్చట తక్కువ. పనులు పెక్కు రకములు. చదువుకొన్నవానికి కంప్యూటరు కొలువు, చదువులేనివానికి ఇంటి కట్టుబడి పని. భాష తెలుగే, యాస వేరైనను వారములో చెవికి అలవడును. అయితే ఆ నగరము కృష్ణా గోదావరుల నీటిని నూరు కిలోమీటరులకు మించిన దూరమునుండి తెచ్చుకొనవలసియున్నది. మన ఊరినుండి అచ్చటికి ఒక రాత్రి ప్రయాణము తప్పదు. పండుగ దినములలో బండిలో చోటు దొరకుటయే గగనము. కొలువునకు దగ్గరనున్న గదికి అద్దె హెచ్చు. అద్దె తక్కువైన గదికి ప్రయాణము హెచ్చు. ఈ రెంటిలో ఒకటి చెల్లింపక తప్పదు.

చెన్నపట్టణమున పనికి కొదువ లేదు. వైద్యమునకు పేరుపొందిన ఊరు. నీటి సంగతి మాత్రము తలచుకొనవలెను. 1996 మొదలు తెలుగుగంగ కాలువద్వారా కృష్ణాజలము వచ్చుచున్నను, 2019 వేసవిలో జోలార్‌పేటనుండి రైలుబండిపై నీరు తేవలసివచ్చినది. అంతకన్న పెద్ద మాట మరియొకటి. 2014 జూన్ 28వ తేదీన నగరపు శివారున మౌలివాక్కమువద్ద కట్టుబడిలో నున్న పదునొకండు అంతస్తుల భవనము కూలి 61 మంది మరణించిరి. వారిలో అనేకులు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవారు. ఇతరుల కాపురమునకు ఇండ్లు కట్టపోయినవారు వారు. 1979లో పార్లమెంటు చేసిన చట్టము, పరరాష్ట్రమునుండి కంట్రాక్టరు తెచ్చిన కార్మికునకు వసతి, వైద్యము, ప్రయాణపు ఖర్చు ఈయవలెనని పలికినది. కాని మేస్త్రీ చిట్టాలో పేరే లేని కూలికి ఆ చట్టము ఎట్లు చేరియుండును? ఇదియు ఒక రంగూనే. నడుమ సముద్రము లేదు, అంతే భేదము.

మెల్బోర్ను, సిడ్నీలనైనను ఈ ప్రశ్నలనే అడుగవలెను. సిడ్నీకి 1960లో పూర్తియైన వర్రగంబ ఆనకట్ట నీరు ఆధారము. మెల్బోర్ను దీర్ఘమైన అనావృష్టిని చవిచూచి, సముద్రజలమును మంచినీరుగ మార్చు కర్మాగారమును 2012లో పూర్తి చేసికొన్నది. వైద్యము, రహదారులు, ట్రాములు శ్లాఘనీయములు. అద్దె మాత్రము, ముఖ్యముగా సిడ్నీలో, విద్యార్థి వెన్ను విరుచును. పశ్చిమ తీరపు పెర్తు నగరము ప్రశాంతము. కాని దగ్గరనున్న మహానగరమగు అడిలైడునకే 2 వేల కిలోమీటరులకు పైబడిన దూరము. ఇంటినుండి ఫోను వచ్చిన నాడు బయలుదేరినను, శ్రీకూర్మము చేరుటకు ఏ నగరమునుండియైనను ఒక దినమునకు పైగా పట్టును. పిల్లలను పంపు తల్లిదండ్రులు కళాశాల పేరు తెలిసికొన్నంత శ్రద్ధతో గది అద్దెను కూడ తెలిసికొనుట మంచిది.

ఇన్ని ఊళ్లు త్రిప్పిన పిదప వృద్ధురాలికి ప్రత్యుత్తరము చెప్పక తప్పదు. జీతములలో భేదము కొద్దియే అయిన, విశాఖపట్నమే మేలు. అద్దెయు ప్రయాణములును ఆ కొద్దిపాటి హెచ్చును మ్రింగివేయును. జీతము దాదాపు రెట్టింపైన, నమ్మకమైన గదియు, పనికి వ్రాతమూలకమైన ఆధారమును ఉన్న, హైదరాబాదు పోవచ్చును. గది చూపనివాని వెంట, పేరు చిట్టాలో వ్రాయనివాని వెంట ఎంత కూలి చెప్పినను ఏ నగరమునకును పోరాదు. ప్రభుత్వమువారు కూడ నగరములలో వలస కూలీలకు తక్కువ అద్దెకు గదులు కట్టించిన, ఖరగపురములో రైల్వే చేసినది మరల జరుగును. అట్టి గది లేనంతవరకు మన పల్లెలలో వృద్ధులు ఒకచోట, పిల్లలు మరియొకచోట ఉండక తప్పదు.

మరునాటి సాయంకాలము మెట్లపై ఆమెతో ఇంతయు క్లుప్తముగా చెప్పితిని. ఆమె కొంతసేపు ఆలోచించి, "అలగైతే ముందు ఆ బావ ఉండే గది సూసి రమ్మంటాను. సూసొచ్చినాక ఎల్లొచ్చు" అని లేచినది.