ఉన్నత పాఠశాలలో చరిత్ర: తేదీ ఒక్కటే చాలునా?
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

1956 అక్టోబరు 14న నాగపూరులో బాబాసాహెబ్ అంబేడ్కర్ వెంట దీక్ష స్వీకరించిన లక్షలాది ప్రజలకు ధమ్మంతో పాటు ఒక చరిత్ర కూడా వారసత్వంగా లభించింది. ఆ చరిత్ర మన పిల్లలకు అందేది ఎక్కడ? అధిక సంఖ్యాకులకు బడిలోనే. అందుచేత ఉన్నత పాఠశాలలో చరిత్ర బోధన ఎలా ఉన్నదనేది మన సంఘం పట్టించుకోవలసిన విషయమని నేను భావిస్తున్నాను.

2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రాన్ని అనుసరించి ఎన్.సి.ఇ.ఆర్.టి. రూపొందించిన పుస్తకాలను చూడండి. 2024 వరకు బుద్ధుడు, అశోకుడు ఆరవ తరగతిలో కనిపించేవారు. ఆ పుస్తకాల్లో తొమ్మిది, పది తరగతుల చరిత్ర ఫ్రెంచి విప్లవం మొదలుకొని ప్రధానంగా ఆధునిక యుగానిదే. సాంచి, అమరావతి స్తూపాలను లోతుగా చర్చించే పాఠం పన్నెండవ తరగతిలో ఉన్నది. అయితే అది చరిత్రను ఎంచుకొన్నవారికే దక్కుతుంది. ఎంపీసీ, బైపీసీ తప్ప మరొకటి చదువే కాదనుకొనే ఇళ్లు మనలోనూ ఎన్నో ఉన్నాయి. పదకొండేళ్ల ప్రాయంలో చదివిన ఆ కొద్ది పుటలే మన పిల్లల్లో ఎందరికో జీవితాంతం మిగిలే బౌద్ధ చరిత్ర.

ఆ కొద్దిలోనూ పరీక్ష అడిగేది తేదీని. కళింగ యుద్ధం ఎప్పుడు జరిగింది? సుమారు క్రీ.పూ. 261 అని రాస్తే మార్కు వస్తుంది. ‘ఆ సంగతి మనకెలా తెలిసింది?’ అన్న ప్రశ్నకు మార్కు లేదు. కాని చరిత్ర అనే విద్య ఆరంభమయ్యేది ఆ రెండవ ప్రశ్నతోనే.

దానికి జవాబు ఎంత ఆసక్తికరమైనదో గమనించండి. శతాబ్దాల తరబడి అశోకుని శాసనాలను చదవగలిగినవారు లేరు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపిని ఛేదించగా, ‘దేవానాంప్రియ ప్రియదర్శి’ అనే రాజు బయటపడ్డాడు. అతడెవరు? శ్రీలంకలో పాలీ గ్రంథాలను పరిశోధిస్తున్న జార్జి టర్నర్, అతడు అశోకుడేనని గుర్తించాడు. 1915లో అప్పటి నిజాం రాజ్యంలోని మస్కి వద్ద అశోకుని పేరే చెక్కిన శాసనం దొరికి, ఆ నిర్ణయాన్ని బలపరచింది. లంక భిక్షువులు తరతరాలుగా కాపాడిన తాళపత్రం, దక్కనులోని ఒక బండరాయి పరస్పరం సాక్ష్యం చెప్పుకొన్నాయి.

కళింగ యుద్ధాన్ని వర్ణించే పదమూడవ శిలాశాసనం మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద కూడా ఉన్నది. లక్షమంది హతులయ్యారనీ, లక్షన్నర మందిని చెరపట్టి తరలించారనీ, అందుకు తాను దుఃఖించాననీ గెలిచిన రాజే చెప్పుకొన్నాడు. విచిత్రమేమంటే, కళింగలోనే ఉన్న ధౌలి, జౌగడ శాసనాల్లో ఈ పదమూడవది లేదు. ఓడిన ప్రజల ఎదుట దానిని ఎందుకు చెక్కించలేదు? పదవ తరగతి విద్యార్థి ఈ ప్రశ్న గురించి ఒక గంట ఆలోచిస్తే, వంద తేదీలు కంఠస్థం చేసిన దానికంటె ఎక్కువ నేర్చుకొంటాడు.

ఇక అమరావతికి వద్దాం. అక్కడి ఒక ఫలకంపై ప్రాకృతంలో ఒక దాన శాసనం ఉన్నది. ఉపాధ్యాయుడు నాగుని కుమారుడు, చర్మకారుడు విధికుడు, తన తల్లితో, భార్యతో, సోదరులతో, కుమారునితో, కుమార్తెలతో, బంధుమిత్రులతో కలిసి పూర్ణఘట ఫలకాన్ని దానమిచ్చాడని దాని సారాంశం. తోలుపని చేసే వ్యక్తి తన వృత్తిని దాచుకోకుండా మహాచైత్యపు రాతి మీద చెక్కించుకొన్నాడు. అతని తండ్రి ఉపాధ్యాయుడు. నేడు ఆంధ్రప్రదేశ్ రాజముద్ర నడుమ ఉన్నది అమరావతి శిల్పరీతిని అనుసరించిన పూర్ణఘటమే. తరగతిలో తల వంచుకొని కూర్చొనే బిడ్డకు ఈ నాలుగు పంక్తులు చెప్పి చూడండి. నాగార్జునకొండలో విహారాలూ చైత్యాలూ కట్టించిన ఉపాసిక బోధిసిరి గురించి ఆడపిల్లలకు చెప్పి చూడండి. రాజుల వరుసలో ఎక్కడా తన చోటు కనబడని పిల్లలకు చరిత్రలో చోటు దొరుకుతుంది.

అయితే ఒక హెచ్చరిక కూడా చేయక తప్పదు. ఇతరుల పురాణాలను ప్రశ్నించే మనం, మన గాథలను ప్రశ్నించకుండా పిల్లలకు అప్పగించరాదు. అశోకుడు ఎనభై నాలుగు వేల స్తూపాలు కట్టించాడన్నది సంప్రదాయ గాథ. దానిని గాథగానే చెప్పాలి. ఆధారం లేకుండా ప్రతి పాత గుడినీ ఒకనాటి విహారమనడం కూడా ఇటువంటిదే. మన బిడ్డ అటువంటి మాట తరగతిలో చెప్పి, ఆధారం చూపలేక కూర్చుంటే, ఆ మరునాడు అతడు చెప్పే విధికుని మాటను కూడా ఎవరూ నమ్మరు. విన్నంత మాత్రాన నమ్మవద్దని కాలాములకు బోధించిన తథాగతుని శ్రావకులం మనం. ఆ నియమం మనకు కూడా వర్తిస్తుంది.

సంఘానికి నా విన్నపం మూడు మాటలు. ఆదివారం ధమ్మ తరగతిలో నెలకొకసారి ఒక శాసనాన్ని అనువాదంతో చదివించండి. పిల్లలను ఏటా ఒక్కచోటికైనా, అమరావతికో, ఎర్రగుడికో, ఫణిగిరికో, తొట్లకొండకో తీసుకొనిపోండి; తిరిగివచ్చాక ఏమి చూశారో, ఏమి ఊహించారో వేరువేరుగా రాయించండి. చరిత్ర చదువుతానని ముందుకు వచ్చే బిడ్డను దయచేసి నిరుత్సాహపరచకండి. మన శాసనాలను ఇంతకాలం ఇతరులు చదివిపెట్టారు. ఇకనైనా వాటిని చదవగలవారు మన ఇళ్ల నుండి రావాలి.

భవతు సబ్బ మంగలం.