ఖాళీ ఓడకు కావలి



స్నాతకోత్సవమను మాటలోనే స్నానమున్నది. గురుకులవాసము ముగించిన శిష్యుడు విధివిహితముగా స్నానము చేసి, స్నాతకుడను పేరు పొంది, గురువునకు మ్రొక్కి లోకములోనికి అడుగిడుట మన పూర్వుల ఆచారము. కావున కృష్ణ యొడ్డున, ఆనకట్టకు ఇంత చేరువలో, ఇట్టి దినమున మాట్లాడ వచ్చినవాడు నీటిని గూర్చి మాట్లాడుట అసందర్భము కాదనుకొందును. అయితే నేను తలచుకొన్న నీరు స్నానఘట్టముల నీరు కాదు. పడవను మోసి, పడవవానికి అన్నము పెట్టి, ఒకనాడు ఉన్నట్టుండి పెట్టుట మానిన నీరు. శుభమా యని పట్టము పుచ్చుకొను పూట కొలువులు పోవుట గూర్చిన ప్రస్తావన ఏలయని పెద్దలు నొచ్చుకొందురేమో. కాని ఇల్లు కాలునపుడు బావి త్రవ్వ మొదలిడినవాని సంగతి మనకందరకు తెలిసినదే గదా.

ఈ నగరమునకు బెజవాడ యను పేరే వాడుకలోనున్న కాలమున, సర్ ఆర్థర్ కాటన్ ఆలోచన ననుసరించి, కెప్టెన్ ఓర్ పర్యవేక్షణలో 1852లో ఆరంభమై 1855లో ముగిసిన ఆనకట్ట, కృష్ణానీటిని పొలములకు మళ్ళించుటతో తృప్తిపడక, కాలువలను బాటలుగా కూడ మార్చినది. ఏలూరు కాలువ వెంట సాగి గోదావరి కాలువలను కలసి కాకినాడ వరకును, పడమటి డెల్టాలో కొమ్మమూరు కాలువ వెంట సాగి బకింగ్‌హాం కాలువను కలసి మద్రాసు వరకును, ధాన్యపు బస్తాలు, ఉప్పు, కలప, పుట్టింటికి పోవు ఆడపడుచులు, అందరును అన్నియు పడవలపైననే పోయెడివి. లారీలు రోడ్లను ఇంకను పూర్తిగా ఆక్రమింపని నా బాల్యమున, లాకుల వద్ద నిలిచి పడవలు దిగుట చూచుట మాకొక వినోదము. పై తలుపులు మూసినంతట నీరు తగ్గుచుండగా, బస్తాలతో మునుగ మునుగనున్న పడవ చప్పుడు లేకుండ క్రిందికి దిగెడిది. లాకు అంచు రాళ్ళపై ఏండ్ల తరబడి పడవత్రాళ్ళు ఒరసి ఒరసి మా చిటికెనవ్రేలు దూరునంత గాడులు పడియుండెను. క్రింది తలుపులు తెరచుకొనినంతట, గట్టున నున్న మనిషి మడిచిన గోనెపట్టాను భుజమున వేసికొని, త్రాటిని దానిమీదుగా రొమ్మునకు అడ్డము తీసికొని, నేలకు ముప్పాతిక వంతు వాలి నడక సాగించెడివాడు. గాలి యున్ననాడు తెరచాప, లేనినాడు ఆ భుజము.

అట్టివారిలో ఒక ముసలివానిని, సరుకు లేని నెలలలో మీరేమి చేయుదురని నేను పిల్లతనముచేత అడిగితిని. అతడు నవ్వి, "సరుకు లేనప్పుడు పడవని ఒడ్డుకెక్కించి తారు పూస్తారు బాబూ, నాకేం పూస్తారు?" అనెను. నేను చదివిన అర్థశాస్త్రగ్రంథములలో ఆ ప్రశ్న ఎచ్చటను ఇంత సూటిగా కనబడలేదు. నేడు మీకు నేను చెప్పదలచినదంతయు ఆ ప్రశ్నకు వ్యాఖ్యానమే.

మన రేవుల చరిత్రలో కొలువులు పోవుట రెండు తీరుల జరిగినది. ఒకటి బందరు తీరు. 1611లో ఆంగ్లవర్తకులు దిగి వ్యాపారము నెలకొల్పిన ఆ పట్టణమునకు కడలి లోతు చాలదు. పెద్ద ఓడలు దూరమున లంగరు వేసికొనగా దోనెలపై సరుకు చేరవలసియుండెడిది. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన దాదాపు 30,000 మందిని పొట్టన పెట్టుకొనినది. 1933లో విశాఖపట్నమున లోతైన రేవు తెరచుకొనుటతో పెద్ద ఓడలకు ఇటు వచ్చు అవసరమే తీరిపోయెను. ఏ ఒక్కనాడును ఎవ్వరును బందరు దోనెవానిని పని మాన్పింపలేదు. ఓడలు రాలేదు, అంతే. ఏరు పాయ మార్చుకొన్నపుడు పాత పాయలోని చేపకు వార్త తెలుపువారెవరు?

రెండవది రంగం తీరు. రంగూనును మనవారు ఆప్యాయముగా రంగమనిరి. బర్మావారు మనవారిని, గోదావరి ముఖమందలి కోరంగి రేవు పేర, కోరంగీలనిరి. ఉత్తర సర్కారుల తీరగ్రామములనుండి మేస్త్రీల వద్ద బయానా పుచ్చుకొని, స్టీమరు డెక్కుపై కిక్కిరిసి, బంగాళాఖాతము దాటి పోయిన మన కూలీలే ఆ రేవున బియ్యపు బస్తాలను ఓడలలోనికి ఎక్కించువారు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూను నగరజనములో సగమునకు మించి భారతీయులే. ఆ నగరమునకు బియ్యపు ఎగుమతియే ప్రాణము. 1929లో అమెరికా వాటాల విపణి కూలినపుడు లేచిన గాలి ఐరావతీ ముఖమున తగిలి, ధాన్యపు ధరలను పడవేయ నారంభించినది.

1930 మే నెలలో రంగూను రేవు తెలుగు కూలీలు కూలి పెంచుమని పని నిలిపిరి. ఓడలు వేచియుండలేవు గనుక వారి స్థానమున బర్మా కూలీలను దించిరి. మూడు వారములు గడువకమున్నే రాజీ కుదిరి మనవారు తిరిగి పనిలోనికి పోగా, ఆ మూడు వారములు బస్తాలు మోసి, ఈ పని ఇక మాదేయని ఇండ్లలో చెప్పుకొన్న బర్మావారికి మే 26వ తేదీ ఉదయము రేవు వాకిట పని లేదను మాట వినవచ్చెను. మనవారిలో కొందరు వారిని ఎగతాళి చేసిరని చెప్పుదురు. ఆ పూట రాజుకొన్న కొట్లాట నగరమెల్ల ప్రాకి, నూరుమందికి పైగా హతులైరి. వారిలో అధికులు మనవారు. చరిత్రకారులు దీనిని జాతివైరముగా వర్ణింతురు, వైరమున్నమాట నిజమే. కాని నాకు కనబడునది మరియొకటి: ఒకే బస్తాను మోయవలసిన రెండు భుజములు ఒకదానినొకటి విరుగగొట్టుకొనుచుండగా, ఆ బస్తాకు ధర కట్టినవారును, ఓడకు బాడుగ కుదిర్చినవారును ఆ వీథిలో లేకుండుట. ఆ తరువాతి యేండ్లలో అదే బర్మా బియ్యము చవుకగా మద్రాసు రాజధానిలో దిగి, మన డెల్టా రైతు ధాన్యమునకు గిరాకి లేకుండ చేసినది. అచ్చట కూలివాడును ఇచ్చట కాపును, ఒకే గాలికి రెండొడ్డుల పడిపోయిన చెట్లు.

ఇదంతయు గతించిన కథ యనుకొనకుడు. సముద్రముపై పెద్ద సరుకుల బాడుగలను కొలుచు బాల్టిక్ సూచిక 2008 మే 20న 11,793 వద్ద నుండి, అదే సంవత్సరము డిసెంబరు 5 నాటికి 663కు పడిపోయెను. మరుసటి యేడు ప్రపంచపు కంటైనరు నౌకలలో దాదాపు పదింట ఒకటి పని లేక నిలిచిపోయినది. సింగపూరు పరిసర జలములలో అవి గుంపులుగా లంగరు వేసికొని యుండెను. అట్లు నిలిపిన ఓడను యజమాని వదలివేయడు సుమా. గుప్పెడుమంది కావలివారిని ఉంచి, యంత్రములను నియమముగా త్రిప్పించును, లోపలి గాలిలో తేమ చేరకుండ యంత్రములు పెట్టించును, తుప్పు కనబడినచోట గోకించి రంగు వేయించును. సరుకు మరల వచ్చినపుడు ఓడ సిద్ధముగా ఉండవలెను గదా. నావికుని సంగతి వేరు. అతని కొలువు ఒక్కొక్క ఒడంబడికకు, కొన్ని నెలలకు మాత్రమే. గడువు తీరి ఇంటికి వచ్చినవానికి మరల పిలుపు రాకుండుటయే ఉద్వాసన. తొలగింపు పత్రము ఉండదు, ఏ పట్టికలోను పేరు ఎక్కదు. విశాఖలోనో కాకినాడలోనో, అప్పు చేసి శిక్షణ పొందిన కుర్రవాడొకడు ఫోను ప్రక్కన పెట్టుకొని నిద్రించు రాత్రులను లెక్కించు సూచిక ఇంకను పుట్టలేదు.

మాంద్యము తీరిన పిదప అన్నియు యథాస్థితికి వచ్చునని మీకు చెప్పువారుందురు. సరుకు వచ్చును, చేతులన్నియు రావు. 1956 ఏప్రిల్‌లో ఐడియల్ ఎక్స్ అను ఓడ 58 పెట్టెలతో నెవార్కునుండి హూస్టనుకు పోయినది మొదలు, గోతాము మోయు భుజముతో రేవులకు పని తగ్గుచునే వచ్చినది. యంత్రమును నేను నిందింపను. ఆ ముసలివాని భుజపు కాయను చూచినవాడెవ్వడును అది కలకాలముండవలెనని కోరడు. ఆ కాయతోబాటు మనిషిని కూడ చెత్తబుట్టలో వేయుటయే నాకు సమ్మతము కాదు.

అట్లు వేయకుండ చేయుట సాధ్యమని మన దేశమే ఒకమారు చూపినది. 1948లో డాక్ కార్మికుల ఉపాధి నియంత్రణ చట్టము వచ్చినది. ఓడ వచ్చిననాడు మేస్త్రీ వ్రేలు చూపినవానికి పని, రానినాడు పస్తు అను పద్ధతి స్థానమున, కూలీల పేర్లు నమోదు చేసి, పనిని వంతుల వారీగా పంచి, హాజరై పని దొరకని దినమునకు కూడ కొంత భత్యమిచ్చు పథకములకు అది దారి తీసినది. విశాఖపట్నమునందును అట్టి మండలి ఏర్పడినది. నావికుల విషయమున అంతర్జాతీయ ఒడంబడికకు చేసిన సవరణ 2017 జనవరి 18న అమలులోనికి వచ్చి, యజమాని ఓడను విడిచి పారిపోయినచో, అందు చిక్కుకొన్నవారికి తిండి, ఇంటికి తిరుగు ప్రయాణము, నాలుగు నెలల వరకు బాకీ జీతము దక్కునట్లు ముందుగనే పూచీ కట్టుమని నియమించినది. ముసలివాని ప్రశ్నకు ఆలస్యముగనైనను వ్రాతపూర్వకముగా వచ్చిన జవాబులివి. వీనిని వ్రాసినవారు ఋషులు కారు. మీవలెనే పట్టములు పుచ్చుకొని, బల్లల ముందు కూర్చుండి, ఒక్కొక్క వాక్యమునకై వాదులాడినవారు.

మీలో వాణిజ్యము చదివినవారు రేపొకనాడు వ్యయము తగ్గించు పట్టికను తయారు చేయవలసి వచ్చును. ఆ పట్టికలో యంత్రముల సంరక్షణకు ఒక పద్దు తప్పక ఉండును. దానిక్రింద మనుష్యుల సంరక్షణకు పద్దు ఉన్నదా యని పై యధికారిని అడుగుడు. న్యాయశాస్త్రము చదివినవారు, పట్టికకెక్కని ఉద్వాసనను పట్టికకెక్కించు మాట కనుగొనుడు. ఇంజనీర్లు క్రొత్త యంత్రమును నిలుపునపుడు, పాత పనివానికి దానిని నేర్పుటకు ఎన్ని దినములు పట్టునో కూడ మీ అంచనాలో చేర్చుడు. ఇక మీలోనే కొందరికి పిలుపు రాని నెలలు రావచ్చును. అప్పుడు సిగ్గుపడి ఇంటిలో దాగకుడు, మీ ప్రక్కవానిమీద పండ్లు కొరకకుడు. రంగము రేవున జరిగినది జ్ఞాపకముంచుకొనుడు.

బందరులో 2023లో మొదలైన నూతన రేవు పనులు సాగుచున్నవి. ఉప్పెనలను, ఇసుకమేటలను చూచిన ఆ తీరమున మరల ఓడలు ఆగు దినము వచ్చినపుడు మీలో కొందరు అచ్చట కొలువున ఉందురు. సరుకు దిగిననాడు అందరును వత్తురు. సరుకు రానినాడు, ఓడకు రంగు వేయించుటకై పోవుచు పోవుచు, గట్టున కూర్చున్న మనిషివద్ద ఒక్క నిమిషము ఆగి, అతడేమి అడుగుచున్నాడో వినుడు. నేను పదేండ్ల వయసున విని, ఊరక నవ్వి వచ్చితిని.

శుభమస్తు.