బీచ్‌ఫ్రంట్ అంటే ఎక్కడ?

హోటళ్ల ప్రకటనల్లో 'బీచ్‌ఫ్రంట్' అనే ఇంగ్లీషు మాట తరచూ వింటుంటాం. బీచ్ అంటే ఇసుక తీరం. ఫ్రంట్ అంటే దాన్ని ఆనుకుని, దానివైపే ముఖం పెట్టి ఉన్నది. రెండూ కలిసి ఒకే విశేషణం. గేటు దాటితే కాలు ఇసుకలో పడాలి. అదీ బీచ్‌ఫ్రంట్.

విశాఖపట్నం బీచ్ రోడ్డునే తీసుకోండి. కురుసుర జలాంతర్గామి మ్యూజియం రోడ్డుకు సముద్రం వైపునే ఉంది. దాన్ని బీచ్‌ఫ్రంట్ మ్యూజియం అని ధైర్యంగా అనొచ్చు. అదే, రోడ్డుకు ఊరి వైపున్న మేడలో గది తీసుకున్నారనుకోండి. కిటికీ తెరిస్తే ఎదురుగా అలలే. కానీ నీళ్ల దగ్గరికి వెళ్లాలంటే పిల్లల చెయ్యి పట్టుకుని, బస్సులూ ఆటోలూ చూసుకుంటూ రోడ్డు దాటాలి. దానికి 'సీ ఫేసింగ్' అన్న మాట సరిపోతుంది. ఇక కైలాసగిరి. కొండమీంచి కనిపించే సముద్రం ఎంత అందమో! అయినా అది 'సీ వ్యూ' మాత్రమే.

ఆనుకుని ఉంటే బీచ్‌ఫ్రంట్. ఎదురుగా ఉంటే సీ ఫేసింగ్. కనిపిస్తే సీ వ్యూ. ఈ మూడింటినీ కలగలిపేయడం డబ్బు కట్టేవాళ్లకు అన్యాయం.

స్థలం కొనేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. తీరం వెంబడి కట్టడాలకు 1991 నుంచి కేంద్ర ప్రభుత్వ నిబంధనలు ఉన్నాయి. తీరాన్ని ఆనుకున్న చోట ఇష్టమొచ్చినట్టు కట్టుకోవడం కుదరదు. గది బుక్ చేసినా, స్థలం చూసినా, ముందు ఒక్క ప్రశ్న అడగండి: గేటుకీ ఇసుకకీ మధ్య ఏముంది?